తెగిన సామ్రాజ్య గొలుసు: షార్ట్‌వేవ్ వైర్‌లెస్ కేంద్రాల అమరిక

1910లో మార్కోనీ కంపెనీ బ్రిటిష్ ప్రభుత్వం ముందు ఒక పథకం పెట్టింది. సామ్రాజ్యంలో 18 చోట్ల వైర్‌లెస్ కేంద్రాలు కట్టాలి. ఒక కేంద్రం పంపిన తంతిని రెండోది అందుకుని మూడోదానికి పంపాలి. అలా లండన్‌లో బయలుదేరిన వార్త ఆస్ట్రేలియా దాకా చేరాలి. మరుసటి ఏడాది జరిగిన సామ్రాజ్య మహాసభ ఈ ఆలోచనను ఆమోదించింది. ‘ఇంపీరియల్ వైర్‌లెస్ చైన్’ అనే పేరు దానికి స్థిరపడింది. పథకం పేరులోనే దాని ఆకారం ఉంది. అది గొలుసు. ఆ తరువాతి పదిహేనేళ్లూ సాగిన తగాదాలో డబ్బు, రాజకీయం, పరువు అన్నీ కలిసిపోయాయి గాని, సాంకేతికంగా చూస్తే అసలు ప్రశ్న ఒక్కటే: కేంద్రాలను ఎక్కడ పెట్టాలి, ఏది దేనితో నేరుగా మాట్లాడాలి?

గొలుసు ఆలోచన వైర్‌లెస్‌లో పుట్టింది కాదు, సముద్రపు కేబుళ్ల నుంచి వచ్చింది. అప్పటికే జిబ్రాల్టర్, మాల్టా, సూయజ్, ఏడెన్ మీదుగా బొంబాయి వరకు కేబుళ్లు ఉండేవి. మజిలీ మజిలీలో తంతిని అందుకుని ముందుకు పంపడం ఉద్యోగులకు అలవాటైన పని. ఇంజనీర్లు అదే పటం ముందు పెట్టుకుని, తీగ ఉన్నచోట తీగ తీసేసి గీత గీశారు. అప్పటి వైర్‌లెస్ విజ్ఞానం కూడా దీన్నే సమర్థించింది. దూరం పోవాలంటే తరంగం పొడుగ్గా ఉండాలి, శక్తి ఎక్కువ ఉండాలి అన్నది అనుభవంలో తేలిన సూత్రం. వేల మీటర్ల పొడవున్న తరంగాలు నేల వంపును అంటిపెట్టుకుని పోతాయి కాని, పోయేకొద్దీ బలం తగ్గుతుంది. కాబట్టి కొంత దూరానికి ఒక మజిలీ తప్పదు అనుకున్నారు. 200 మీటర్లూ అంతకంటే పొట్టి తరంగాలు దూరపు వార్తలకు పనికిరావన్న నమ్మకంతో వాటిని ఔత్సాహికులకు వదిలేశారు.

1912లో ఇంగ్లండ్, ఈజిప్టు, తూర్పు ఆఫ్రికా, దక్షిణాఫ్రికా, ఇండియా, సింగపూర్‌లలో ఆరు కేంద్రాలు కట్టేందుకు ఒప్పందం కుదిరింది. కుదిరీ కుదరక ముందే అది రచ్చకెక్కింది. అటార్నీ జనరల్ రూఫస్ ఐజాక్స్ తమ్ముడు గాడ్‌ఫ్రే ఐజాక్స్ మార్కోనీ కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు. ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జితో సహా కొందరు మంత్రులు మార్కోనీ అమెరికన్ శాఖ వాటాలు కొన్నారని తేలింది. పార్లమెంటు విచారణ ముగిసిన కొంతకాలానికే ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ఒప్పందం రద్దయింది. యుద్ధం తరువాత సర్ హెన్రీ నార్మన్ అధ్యక్షతన వేసిన సంఘం 1920లో మళ్లీ గొలుసునే సిఫారసు చేసింది: కేంద్రానికీ కేంద్రానికీ మధ్య దాదాపు 2,000 మైళ్లు, అంటే 3,200 కిలోమీటర్లు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లీఫీల్డ్ 1921లో, కైరో దగ్గరి అబూ జాబల్ 1922లో పనిచేయడం మొదలుపెట్టాయి. గొలుసులో కట్టినవి ఈ రెండు లంకెలే.

కాగితం మీద గొలుసు చక్కగా కనిపిస్తుంది. ఎంత పనిచేస్తుందో లెక్కవేస్తే దాని లోపాలు బయటపడతాయి. ఇండియాకు, సింగపూర్‌కు, ఆస్ట్రేలియాకు, తూర్పు ఆఫ్రికాకు, దక్షిణాఫ్రికాకు వెళ్లే ప్రతి తంతీ కైరో మీదుగానే పోవాలి. చివరి కేంద్రం ఎంత వేగంగా పనిచేసినా, మొదటి లంకె మోయగలిగిన మాటలకు మించి ఒక్క మాట కూడా అటు చేరదు. ప్రతి మజిలీలో తంతిని చదివి, కాగితపు పట్టీ మీద మళ్లీ రంధ్రాలు కొట్టి పంపాలి. ప్రతి చోటా కొంత ఆలస్యం, కొన్ని తప్పులు. కైరోలో యంత్రం ఆగితే సగం సామ్రాజ్యం మూగబోతుంది. వీటికి తోడు ఉష్ణమండలపు మెరుపులు. మెరుపు పుట్టించే రేడియో రొద పొడుగు తరంగాల మీదే ఎక్కువ. అందువల్ల ఉరుములు మెరుపులు ఎక్కువున్న కాలంలో పుణే, సింగపూర్ లాంటి చోట్ల బలహీనమైన సంకేతాన్ని ఏరుకోవడం యాతన. నార్మన్ సంఘం సభ్యులకు ఈ ఇబ్బందులు తెలియవని కాదు. వేరే దారి ఉందని వారు అనుకోలేదు.

వేరే దారి కావాలని పట్టుబట్టింది సాంకేతిక నిపుణులు కాదు, రాజకీయ నాయకులు. ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ గొలుసు చివర వేలాడే లంకెగా ఉండటానికి ఒప్పుకోలేదు. తమ దేశం నుంచి ఇంగ్లండ్‌కు నేరుగా మాట పోవాలన్నాడు. అప్పటికి అందుబాటులో ఉన్న యంత్రాలతో చూస్తే అది మొండితనమే. రెండేళ్లు తిరిగేసరికి ఆ మొండితనమే సరైనదిగా తేలడం చరిత్రలోని తమాషా.

ఆ రెండేళ్లలో జరిగింది షార్ట్‌వేవ్ ఆవిష్కరణ. పనికిరావని వదిలేసిన తరంగాల మీద ఔత్సాహికులు అట్లాంటిక్ దాటారు. 1923 నవంబర్‌లో ఫ్రాన్స్‌కు చెందిన లియోన్ డెలోయ్, అమెరికాకు చెందిన ఫ్రెడ్ ష్నెల్ దాదాపు 100 మీటర్ల తరంగం మీద రెండువైపులా సంభాషించారు. అదే ఏడాది మార్కోనీ తన ‘ఎలెట్రా’ నౌకలో కేప్ వెర్డి దీవుల వరకు వెళ్తూ, కార్న్‌వాల్‌లోని పోల్డూ కేంద్రం 97 మీటర్ల మీద పంపిన సంకేతాలను విన్నాడు. రాత్రివేళ అవి ఊహించినదాని కంటే ఎంతో బలంగా వచ్చాయి. తన సహచరుడు చార్లెస్ ఫ్రాంక్లిన్‌తో కలిసి 1916 నుంచే పొట్టి తరంగాలను అద్దాల్లాంటి తీగల వరసలతో ఒకే దిక్కుకు మళ్లించే ప్రయోగాలు చేస్తున్న మార్కోనీకి దీని అర్థం వెంటనే తెలిసింది. 1924 మే నెలాఖరున పోల్డూ నుంచి మాట్లాడిన మాట సిడ్నీలో వినపడింది. అదే ఏడాది 32 మీటర్లకు దిగినప్పుడు పట్టపగలు కూడా బేరూత్ వరకు సంకేతం అందింది.

ఇది ఎలా సాధ్యమైందో అప్పటికి ఎవరికీ పూర్తిగా తెలియదు. భూమికి పైన విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఒకటి ఉండాలని హెవీసైడ్, కెన్నెలీ 1902లోనే ఊహించారు. 1924 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ బోర్న్‌మత్ ప్రసారాలను ఆక్స్‌ఫర్డ్‌లో విని ఆ పొరను రుజువు చేశారు. దాన్నే నేడు అయనావరణం అంటున్నాం. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు ఉండే తరంగాలు, అంటే 100 నుంచి 10 మీటర్ల పొడవున్నవి, ఈ పొరను తాకి వంగి నేలకు తిరిగి వస్తాయి. నేల మళ్లీ వాటిని పైకి కొడుతుంది. ఒక్కో గెంతుకు గరిష్ఠంగా 4,000 కిలోమీటర్లు. లండన్ నుంచి బొంబాయికి రెండు గెంతులు చాలు. నార్మన్ సంఘం ప్రతి 2,000 మైళ్లకూ కట్టించదలచిన మజిలీ పనిని ఆకాశమే చేసిపెడుతోందన్నమాట, జీతం లేకుండా.

కాని ఆకాశానికి కొన్ని షరతులున్నాయి. ట్రాన్స్‌మిటర్ చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్ల వరకు నేల మీదుగా పోయే తరంగం వినిపిస్తుంది. ఆకాశం నుంచి దిగే తరంగం వందల, ఒక్కోసారి వేల కిలోమీటర్ల అవతలే నేలను తాకుతుంది. మధ్యలో ఏమీ వినపడని పట్టీ ఒకటి మిగులుతుంది. పక్క జిల్లాకు చేరని మాట పక్క ఖండానికి చేరుతుంది. పగలు పైకి దూసుకుపోకుండా వంగే తరంగం రాత్రి పొర పలచబడ్డాక అంతరిక్షంలోకి పోతుంది. రాత్రికి సరిపడే తరంగాన్ని పగలు కింది పొరలు పీల్చేస్తాయి. అందువల్ల షార్ట్‌వేవ్‌లో దూరం అంటే మైళ్లు మాత్రమే కాదు. రెండు కేంద్రాల మధ్య దారి ఏ అక్షాంశాల మీదుగా పోతోంది, ఆ దారిలో ఎంత భాగం పగటిలో ఉంది, ఎంత భాగం రాత్రిలో ఉంది అన్నవి మైళ్ల కంటే ముఖ్యం.

1924 జూలైలో మార్కోనీ కంపెనీకీ బ్రిటిష్ పోస్టాఫీసుకూ కుదిరిన ఒప్పందం ఈ షరతులను అంకెల్లో పెట్టింది. తరంగాలను ఒకే దిక్కుకు మళ్లిస్తూ కంపెనీ కట్టే ‘బీమ్’ కేంద్రాలు రెండు దిక్కులా నిమిషానికి 100 మాటలు పంపగలగాలి. రోజులో సగటున కెనడాకు 18 గంటలు, ఇండియాకు 12, దక్షిణాఫ్రికాకు 11, ఆస్ట్రేలియాకు 7 గంటలు పనిచేస్తే చాలు. అందరికీ ఒకే గంటలు అడగకపోవడంలోనే దారిని బట్టి సామర్థ్యం మారుతుందన్న ఒప్పుకోలు ఉంది. ఆస్ట్రేలియా దారి భూగోళంలో సగం చుట్టూ తిరుగుతుంది. ఒక కొస పగలైతే మరో కొస రాత్రి. రెండింటికీ సరిపడే తరంగం దొరికే వేళ కొద్ది గంటలే.

గొలుసు పోయి దాని స్థానంలో చక్రం వచ్చింది. ఇరుసు లండన్, ఆకులు నాలుగు. కార్న్‌వాల్‌లోని బాడ్మిన్ నుంచి కెనడాకు, దక్షిణాఫ్రికాకు ప్రసారం. వాటి జవాబులు సోమర్సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్‌లో స్వీకారం. గ్రిమ్స్‌బీ దగ్గరి టెట్నీ నుంచి ఇండియాకు, ఆస్ట్రేలియాకు ప్రసారం. స్కెగ్నెస్ దగ్గరి విన్‌థార్ప్‌లో స్వీకారం. అవతలి వైపు కెనడాలో డ్రమండ్‌విల్, యమషీష్. దక్షిణాఫ్రికాలో క్లిప్‌హ్యూవెల్, మిల్నర్టన్. ఆస్ట్రేలియాలో బాలన్, రాక్‌బ్యాంక్. ఇండియాలో పుణే పక్కనున్న కిర్కీ ప్రసార కేంద్రం, ధోండ్ స్వీకార కేంద్రం. నేటి మ్యాపుల్లో ఖడ్కీ, దౌండ్ అని కనిపించేవి అవే. సికింద్రాబాద్ నుంచి ముంబయి రైలెక్కిన వాళ్లలో చాలామంది దౌండ్ జంక్షన్ దాటే ఉంటారు. ఒకప్పుడు దేశం నుంచి లండన్‌కు పోయే తంతుల జవాబులు ఆ ఊళ్లో దిగేవని ప్లాట్‌ఫారం మీద చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

పంపే చోటునూ వినే చోటునూ విడదీయడం ఈ అమరికలో కీలకం. కిలోవాట్లలో కేకవేసే ట్రాన్స్‌మిటర్ పక్కన కూర్చుని వేల మైళ్ల అవతలి గుసగుసను వినలేరు. నిమిషానికి వంద మాటల చొప్పున రెండు వైపులా ఒకేసారి పంపాలంటే రిసీవర్ దూరంగా ఉండాలి, ఊరి కరెంటు రొదకూ దూరంగా ఉండాలి. అయితే తంతి పంపేవాడు కిర్కీలోనో దౌండ్‌లోనో కూర్చోనక్కర్లేదు. నగరంలోని ఆఫీసు నుంచి నేల మీద తీగ ద్వారా దూరపు ట్రాన్స్‌మిటర్ మీటను నొక్కేవారు. లండన్ కేంద్ర తంతి కార్యాలయంలో వేలు కదిలితే బాడ్మిన్ తంత్రులు పలికేవి. ఆపరేటరు దృష్టిలో మధ్యన ఒక్క మజిలీ కూడా లేదు.

ఏరియల్ ఈ చక్రానికి మరో కట్టుబాటు తెచ్చింది. దాదాపు 87 మీటర్ల ఎత్తున్న స్తంభాలను, చేరవలసిన దేశం వైపు గీసిన మహావృత్త రేఖకు అడ్డంగా వరసగా నిలబెట్టేవారు. వాటి నడుమ వేలాడే నిలువు తీగల తెర ప్రసారం చేస్తే, వెనకనున్న రెండో తెర ఆ శక్తిని ముందుకు మళ్లించేది. ఫ్రాంక్లిన్ తయారుచేసిన ఒకదానిలో ఒకటి దూర్చిన రాగి గొట్టాల దారి తీగలన్నిటికీ సమానంగా శక్తి అందించేది. ఫలితం: 20 కిలోవాట్ల పరిసరాల్లో ఉన్న ట్రాన్స్‌మిటర్, వందల కిలోవాట్ల పొడుగు తరంగపు కేంద్రం చేయలేని పని చేసింది. దీనికి మూల్యం, స్తంభాలు కదలవు. కెనడా వైపు నిలిపిన తెర కెనడాకే పనికొస్తుంది. కొత్త దేశంతో మాట్లాడాలంటే కొత్త స్తంభాల వరస కట్టాలి. ఎవరెవరితో మాట్లాడాలో నిర్ణయం ఉక్కులో గడ్డకట్టింది.

ఆస్ట్రేలియా విషయంలో మాత్రం ఒక ముచ్చటైన మినహాయింపు ఉంది. భూగోళానికి అవతలి వైపున్న చోటికి దారులు రెండు: తూర్పున ఆసియా మీదుగా ఒకటి, పడమట అట్లాంటిక్, పసిఫిక్ మీదుగా దానికంటే పొడుగైనది ఇంకొకటి. రోజులో కొన్ని గంటలు పొడుగు దారే బాగా పనిచేస్తుందని పోల్డూ ప్రయోగాల్లో తేలింది, చీకటి ఆ వైపు ఉంటుంది గనుక. అందుకని టెట్నీలో, బాలన్‌లో తెరలను వేళను బట్టి ఇటూ అటూ మార్చగలిగేలా కట్టారు. ఇండియా సర్వీసుకు పగలొకటి, రాత్రొకటిగా రెండు తరంగాలు కేటాయించారు. పగటిది 16 మీటర్లు, రాత్రిది 34 మీటర్ల పరిసరాల్లో. ఇది కూడా అమరికే, స్థలంలో కాక కాలంలో.

కెనడా సర్వీసు 1926 అక్టోబర్‌లో, ఆస్ట్రేలియా 1927 ఏప్రిల్‌లో, దక్షిణాఫ్రికా జూలైలో, ఇండియా సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. చవకగా, వేగంగా సాగిన ఈ సర్వీసులు కేబుల్ కంపెనీల వ్యాపారాన్ని ఎంతగా లాక్కున్నాయంటే, కేబుళ్లు మూతపడితే యుద్ధంలో గతేమిటని ప్రభుత్వాలకు బెంగ పట్టుకుంది. 1928లో ప్రత్యేకంగా ఒక మహాసభ జరిపి, 1929లో కేబుళ్లనూ బీమ్ సర్వీసులనూ ఒకే సంస్థ కిందికి తెచ్చారు. 1934 నుంచి దాని పేరు ‘కేబుల్ అండ్ వైర్‌లెస్’. ఇండియాలోనూ 1932లో అలాంటి కలయికే జరిగి ‘ఇండియన్ రేడియో అండ్ కేబుల్ కమ్యూనికేషన్స్’ కంపెనీ ఏర్పడింది. 1947 ప్రారంభంలో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని ‘ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీస్’గా మార్చింది. పొడుగు తరంగాలు మాత్రం పూర్తిగా పోలేదు. 1926 జనవరిలో ఇంగ్లండ్‌లో మొదలైన రగ్బీ కేంద్రం, 250 మీటర్ల ఎత్తున్న 12 స్తంభాలతో, సముద్రాల మీది ఓడలన్నిటికీ ఒకే వార్త చేరవేసే పనిలో దశాబ్దాలు కొనసాగింది. వినేవాడు ఎక్కడున్నాడో తెలియనప్పుడు బీమ్ పనికిరాదు.

చక్రం బలహీనత కెనడా ఆకులో బయటపడింది. 18 గంటలు పనిచేయవలసిన ఆ దారి, సూర్యుడి మీద అలజడి రేగినప్పుడల్లా మూగబోయేది. అయస్కాంత ధ్రువం ఉత్తర కెనడా వైపు ఉండటం వల్ల లండన్, మాంట్రియల్‌ల మధ్య దారి ధ్రువకాంతులు వెలిగే వలయానికి చేరువగా పోతుంది. అయస్కాంత తుఫాను సమయంలో ఆ వలయం దక్షిణానికి విస్తరించి, కింది పొరల్లో తరంగాలను మింగేస్తుంది. శక్తి పెంచినా ఫలితం ఉండదు. అన్ని ఆకులూ ఇరుసుకే తగిలించిన అమరికలో, ఒక ఆకు విరిగితే ఆ దేశానికి మరో దారి లేదు. 1928లో కెనడా, ఆస్ట్రేలియాల మధ్య నేరుగా ఒక బీమ్ తెరవడం ఈ చక్రానికి మొదటి అంచు ముక్క అనుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యం, ధ్రువకాంతుల దారిని తప్పించాలన్న ఈ పాఠాన్ని పెద్ద ఎత్తున అమలు చేసింది. వాషింగ్టన్ నుంచి ఉత్తర అక్షాంశాల మీదుగా నేరుగా పోవడానికి బదులు, భూమధ్యరేఖకు దగ్గరగా భూగోళాన్ని చుట్టే ఒక పట్టీ ఏర్పాటు చేసింది. ఎరిత్రియాలోని అస్మారాలో ఇటాలియన్ నావికాదళం వదిలిపోయిన కేంద్రం, న్యూఢిల్లీ, బ్రిస్బేన్, శాన్‌ఫ్రాన్సిస్కో దాని మజిలీలు. 1944లో ఒక సందేశాన్ని ఈ పట్టీ మీద లోకం చుట్టి కొద్ది నిమిషాల్లో వాషింగ్టన్‌కు తిరిగి చేర్చి చూపించారు. యుద్ధం ముగిశాక అమెరికాకు చెందిన ఆర్‌సీఏ కంపెనీ మొరాకోలోని టాంజియర్‌లో మజిలీ కేంద్రం పెట్టింది. న్యూయార్క్ నుంచి ఉత్తర యూరప్‌కు నేరుగా దారి మూసుకుపోయినప్పుడు తంతులు టాంజియర్ మీదుగా చుట్టు తిరిగి పోయేవి. 1924లో తీసేసిన మజిలీ ఇలా మళ్లీ వచ్చింది. అయితే కారణం వేరు. పాత మజిలీ దూరం కోసం, కొత్త మజిలీ దిశ కోసం. తంతిని మనుషులు మళ్లీ కొట్టే పని కూడా క్రమంగా యంత్రాలకు పోయింది గనుక పాత గొలుసు ఆలస్యం ఇక్కడ లేదు. ఏ రోజు ఏ దారి ఏ తరంగం మీద తెరుచుకుంటుందో ముందుగా చెప్పే సంస్థలు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ యుద్ధకాలంలోనే ఏర్పడ్డాయి.

ప్రతి కేంద్రం లోపల కూడా అమరిక సమస్య ఒకటి ఉంది. ఆకాశం నుంచి ఒకే సంకేతం రెండు మూడు దారుల్లో వచ్చి, ఒకదాన్నొకటి బలపరచుకుంటూ రద్దు చేసుకుంటూ, క్షణక్షణానికి హెచ్చుతగ్గులవుతుంది. న్యూయార్క్ దగ్గరి రివర్‌హెడ్‌లో ఆర్‌సీఏ ఇంజనీర్లు బెవరేజ్, పీటర్సన్ 1920ల చివర్లో గమనించినదేమిటంటే, కొన్ని వందల మీటర్ల ఎడంగా పెట్టిన మూడు ఏరియళ్లలో ఒకచోట సంకేతం మునిగిన క్షణంలో మరోచోట తేలుతూ ఉంటుంది. మూడింటినీ కలిపితే మాట తెగదు. ఈ హెచ్చుతగ్గులే శాస్త్రవేత్తలకు మరోలా ఉపయోగపడ్డాయి. దగ్గర దగ్గరగా పెట్టిన రిసీవర్లలో సంకేతం ఏ క్రమంలో మునుగుతోందో కొలిచి, పైన అయనావరణంలో గాలుల వంటి కదలికల దిశ, వేగం లెక్కగట్టే పద్ధతి 1950లలో వ్యాపించింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి. రామచంద్రరావు నాయకత్వంలో భౌతికశాస్త్రవేత్తలు ఈ పరిశోధనలు విస్తృతంగా చేశారు. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా 1930లలో మొదలుపెట్టిన అయనావరణ పరిశోధనకు తెలుగునాట అది గట్టి కొనసాగింపు.

ఖండాల మధ్య కాక ఒకే ప్రాంతంలో పనిచేసే నెట్‌వర్కుల లెక్క వేరు. ఆస్ట్రేలియా మధ్యభాగపు పశువుల క్షేత్రాలకు వైద్యం అందించేందుకు జాన్ ఫ్లిన్ 1928లో క్లోన్‌కరీలో విమాన వైద్య సేవ ప్రారంభించాడు. విమానం ఉంది సరే, రోగి కబురు ఎలా చేరాలి? 1929 నుంచి ఆల్ఫ్రెడ్ ట్రేగర్ తయారుచేసిన, కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టే చిన్న వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. మధ్యన శక్తిమంతమైన తల్లికేంద్రం, చుట్టూ వందల కిలోమీటర్ల మేర బలహీనమైన సెట్లు, అందరికీ ఉమ్మడిగా కొద్దిపాటి తరంగాలు. ఇక్కడ ఇబ్బంది వినికిడిలో సమానత లేకపోవడం. ప్రతి క్షేత్రమూ తల్లికేంద్రాన్ని వింటుంది కాని, పక్క క్షేత్రాన్ని వినకపోవచ్చు. ఎవరూ మాట్లాడటం లేదనుకుని ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే తల్లికేంద్రానికి ఎవరి మాటా తెలియదు. అందుకే తల్లికేంద్రం పేరు పిలిచినవాళ్లే మాట్లాడాలన్న నియమం, వేళలు పంచుకోవడం అవసరమయ్యాయి. ఊరి కబుర్లకు విడిగా వేళ కేటాయించారు; దాన్ని అక్కడి గోలచేసే చిలుక పేరుతో ‘గలా సెషన్’ అని పిలుచుకున్నారు. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇదే నెట్‌వర్కు మీద పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి.

1956లో అట్లాంటిక్ అడుగున మొదటి టెలిఫోన్ కేబుల్ పడ్డాక ఖండాంతర షార్ట్‌వేవ్ తంతికి పని తగ్గుతూ వచ్చింది. ఇండియాలో 1971లో పుణే జిల్లా ఆర్వీలో ఉపగ్రహ భూకేంద్రం ప్రారంభమైంది. ఆ తరువాత షార్ట్‌వేవ్ మిగిలింది ప్రధానంగా ఓడలకు, సైన్యాలకు, ఔత్సాహికులకు, సముద్రాల మీది విమానాలకు. వీటిలో విమానాలే నెట్‌వర్క్ ఆకారాన్ని మరోసారి మార్చాయి. 1990ల చివరి నుంచి పనిచేస్తున్న విమానాల షార్ట్‌వేవ్ డేటా సేవలో భూమ్మీద పదిహేను వరకు కేంద్రాలున్నాయి. ఏ విమానమూ ఏ కేంద్రానికీ కట్టుబడి ఉండదు. విమానంలోని సెట్టు అన్ని కేంద్రాల సంకేతాలనూ వేర్వేరు తరంగాల మీద వింటూ, ఆ నిమిషంలో ఏది బాగా వినపడితే దాంతోనే మాట్లాడుతుంది. ధ్రువం మీదుగా ఎగిరేటప్పుడు దగ్గరి కేంద్రం అయస్కాంత తుఫానులో మునిగిపోతే, వేల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న కేంద్రం దాని సమాచారాన్ని అందుకుంటుంది. భూమ్మీది కేంద్రాలన్నీ తీగలతో కలిసి ఉండటం వల్ల, ఎక్కడ దిగినా అది చేరవలసిన విమానయాన సంస్థకు చేరుతుంది.